ఆపతి కథను నలుగురు కూర్చుని చదువుకోవడం ఎలా

పోతన గజేంద్రమోక్షణంలోని "లావొక్కింతయు లేదు" పద్యం ఓరుగల్లు చుట్టుపక్కల బడికి పోయినవాళ్లలో చాలామందికి నోటికి వస్తుంది. అందులో ఏనుగు తన పని అయిపోయిందని ఎన్ని ముక్కల్లో ఒప్పుకుందో చెప్పమంటే మాత్రం తడుముకుంటారు. ఆరు ముక్కల్లో. బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు అలసింది, ఆయాసమవుతోంది. నాలుగు పాదాల పద్యంలో రెండు పాదాలు ఇందుకే పోయాయి. "నీవే తప్ప" అన్న మాట మూడో పాదంలో గాని రాదు.

కథ చెప్పేటప్పుడు మనం ఈ రెండు పాదాలను దాటేసి విష్ణువు దగ్గరికి ఉరుకుతాం. పోతన మాత్రం తొందరపడలేదు. కష్టం గురించిన ఏ రచననైనా చదివేటప్పుడు ముందు పట్టుకోవాల్సింది, మనిషి బలం అయిపోయిన ఆ చోటునే. మన దగ్గర వచ్చిపడేదాన్ని ఆపతి అంటాం, పడేదాన్ని గోస అంటాం, రాకముందే పట్టుకునేదాన్ని బుగులు అంటాం. ఈ మూడింటిలో రాసినవాళ్లు దేనికి ఎన్ని మాటలు ఖర్చుపెట్టారో చూడటం నేర్చుకుంటే చదువు సగం వచ్చినట్టే. ఆరు వారాల్లో అది ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాం.

మనుషులు, చోటు, కాగితం

ఆరుగురి నుంచి ఎనిమిది మంది సరిపోతారు. పది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు సభికులైపోతారు. నలుగురే అయితే ఒక్కరు రాకపోయినా ఆ రోజు బైఠక్ పాడవుతుంది. ఒక్కో బైఠక్‌కు గంటంబావు చాలు: చదవడానికి పావుగంట, మాటలు విడగొట్టుకోవడానికి పది నిమిషాలు, మాట్లాడుకోవడానికి నలభై, చివర రాసుకోవడానికి పది.

ఊళ్లో అయితే దసరా నుంచి సంక్రాంతి దాకా పెట్టుకోవద్దు, అవి పత్తి ఏరే రోజులు. మిర్చి బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోజులూ అంతే. ఎండాకాలం సాయంత్రాలు మేలు. చోటు ఎవరి ఇల్లూ కాకుండా చూసుకోవాలి. ఒకరి ఇంట్లో కూర్చుంటే రెండో వారానికే మాట ఆ ఇంటి కష్టం మీదికి పోతుంది, ఇంటివాళ్లు చాయ్ పెట్టే పనిలో పడి చదవనే చదవరు. హనుమకొండలో 1904లో మొదలైన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు పుట్టింది ఇలాంటి అవసరానికే. ఊళ్లో అయితే బడి వరండా చాలు.

పుస్తకాలు పంచొద్దు. ఆ వారం చదివే భాగాన్ని ఒకే కాగితం మీద, ఒక వైపే, పెద్ద అక్షరాల్లో వేయించి, కుడివైపు మూడో వంతు ఖాళీ వదలాలి. ఆ ఖాళీ ఎందుకో రెండో వారంలో తెలుస్తుంది. పోతన భాగవతానికి తిరుమల తిరుపతి దేవస్థానాలు వేసిన తాత్పర్యంతో ఉన్న ప్రతి తెచ్చుకుంటే తేలిక. కానీ తాత్పర్యాన్ని నడిపించేవాళ్ల దగ్గరే ఉంచాలి. కాగితం మీద వేస్తే అందరి కళ్లూ దాని మీదికే పోతాయి.

మొదటి వారం: మడుగులో ఏనుగు

పోతనది ఇప్పటి జనగామ జిల్లా బమ్మెర. కాలం 15వ శతాబ్దం. గజేంద్రమోక్షణం భాగవతంలో అష్టమ స్కంధంలోది. అంతా చదవబోవద్దు, మూడే పద్యాలు తీసుకోండి.

మొదటిది "కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచుఁ". అరసున్నను పలకనవసరం లేదని ముందే చెప్పండి, లేకపోతే కొందరు అక్కడే ఆగిపోతారు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "సరసికి" అన్నప్పుడు ఒకరు, "దరికి" అన్నప్పుడు ఇంకొకరు గొంతు పెంచేలా చదివించండి. మూడోసారికి నాలుక తడబడుతుంది. "కరికి మకరి, మకరికిఁ గరి" అనే చోటికి వచ్చేసరికి ఎవరు ఎవరిని లాగుతున్నారో చెవికి తెలియదు. ఏళ్ల తరబడి సాగే కష్టం లోపలినుంచి ఇట్లాగే ఉంటుంది. కథలో ఆ పోరు వెయ్యేళ్లు సాగింది.

రెండోది "కలఁ డందురు దీనుల యెడ". ఇందులో "అందురు" అన్న మాట కింద గీత గీయించండి. మూడుసార్లు వస్తుంది. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పాల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. మూడూ విన్న మాటలే, ఏనుగు చూసినవి కావు. ఆ తర్వాత పాదం: "గలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో". ఇళ్లలో కథ చెప్పేటప్పుడు చాలామంది ఈ అనుమానాన్ని తీసేస్తారు. భక్తుడైన పోతన తీసేయలేదు, పైగా శరణాగతి పద్యానికి ముందే పెట్టాడు. వరస అది: పోరు, అనుమానం, ఓటమి లెక్క, ఆ తర్వాతే పిలుపు.

మూడోది లావొక్కింతయు. ఆరు ముక్కలనూ ఆరుగురికి పంచి ఒక్కొక్కరితో ఒక్కోటి చదివించండి. చివరి ముక్క "శ్రమంబయ్యెడిన్" దగ్గర ఆపి, ముందున్న క్రియలతో పోల్చమనండి. వచ్చె, డస్సెన్ అనేవి అయిపోయినవి. "అయ్యెడిన్" అనేది ఇంకా జరుగుతున్నది. ఆయాసం తగ్గకముందే పిలుస్తున్నాడన్నమాట.

ఇక్కడే బైఠక్ చెడుతుంది. ఒకరు మొదటి నిమిషంలోనే "అందుకే దేవుణ్ణి నమ్ముకోవాలె" అంటారు. వెంటనే ఇంకొకరు "దేవుడొచ్చి ఏం జేసిండు" అంటారు. ఇద్దరూ కాగితాన్ని వదిలేసినట్టే. మొదటి ఇరవై నిమిషాలు ప్రతి మాటా ఒక పదం మీద వేలు పెట్టి మాట్లాడాలని నియమం పెట్టుకోవాలి. నడిపించేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "అక్కా, అది ఏ మాటల ఉన్నది?" ఛందస్సు చెప్పబోయి పావుగంట తినేసే పెద్దమనిషి కూడా ఒకరు తప్పకుండా ఉంటారు. ఆయనకు చదివి వినిపించే పని అప్పగిస్తే అందరికీ హాయి.

రెండో వారం: అదే మొసలి, వేరే మాట

వేమన పద్యం పక్కన పెట్టండి: "నీళ్లలోన మొసలి నిగిడి యేనుఁగుఁ బట్టు, బైట కుక్కచేత భంగపడును". స్థానబలిమి గాని తన బలిమి కాదంటాడు. పోతన చేతుల్లో ప్రార్థన అయిన బొమ్మే ఇక్కడ లెక్క అయింది. మొసలి గొప్పది కాదు, చోటు దానిది.

ఇప్పుడు కాగితం కుడివైపు ఖాళీలో ఎవరికి వాళ్లు "నా మడుగు ఏది" అని రాసుకోవాలి. చదివి వినిపించనవసరం లేదు. అప్పిచ్చిన దుకాణంలోనే పంట అమ్మాల్సి రావడం, కోచింగ్ హాస్టల్ గది, పెళ్లయి వెళ్లిన ఇల్లు, ఏదైనా కావచ్చు. బలం తక్కువైందని తనను తాను తిట్టుకునే మనిషికి, పట్టు చోటుదని చూడటం వల్ల చేయాల్సిన పని మారుతుంది. మొసలితో కుస్తీ ఆపి గట్టు ఎంత దూరమో చూసుకుంటారు.

ఈ రెండు వారాలనూ తారుమారు చేయొద్దు. వేమనను ముందు పెడితే, కష్టంలో ఉన్నవాళ్లకు "ఆ నీళ్లలోకి నిన్నెవరు దిగమన్నారు" అన్నట్టే వినిపిస్తుంది. సామెతలతో, శతక పద్యాలతో ఉన్న చిక్కే ఇది. తగిన సమయంలో మందు, కాని సమయంలో చెంపదెబ్బ.

ఎవరికి ఏ కథ

దీనికి పాత దారి అరణ్యపర్వంలోనే ఉంది. జూదంలో అన్నీ పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజు, నాకంటే దురదృష్టవంతుడు ఉన్నాడా అని బృహదశ్వుడనే మునిని అడుగుతాడు. ఆయన జూదం చెడ్డదని ఉపన్యాసం ఇవ్వడు. జూదంలోనే పోగొట్టుకున్న నలుడి కథ చెబుతాడు. గాయం ఒకటే, మనిషి వేరు, కాలం వేరు. ఆ కథలో నలుడు కూడా కన్నీళ్లతో గట్టెక్కలేదు. ఋతుపర్ణుడనే రాజుకు గుర్రాల మర్మమైన అశ్వహృదయం ఇచ్చి, బదులుగా పాచికల మర్మమైన అక్షహృదయం నేర్చుకున్నాడు. కథ అయ్యాక బృహదశ్వుడు ధర్మరాజుకూ ఆ విద్యే చెప్పాడు.

కాబట్టి కథ ఎంచుకునేటప్పుడు గాయం కలవాలి, వివరాలు కలవకూడదు. అప్పుల పాలైన ఇంటికి అప్పులతో ప్రాణం తీసుకున్న రైతు కథ తీసుకుపోవద్దు. అది అద్దం అవుతుంది, కిటికీ కాదు. పోయినవాళ్ల దినాలు కాకముందు ఏ కథా వద్దు, పక్కన కూర్చోవడం చాలు.

బైఠక్‌లో ఎవరైనా పురుగుల మందు మాట, బతకాలని లేదన్న మాట ఎత్తితే, నవ్వుతూ అన్నా సరే, కాగితాలు పక్కన పెట్టేయాలి. ఆ మనిషిని ఒంటరిగా పంపొద్దు. ఇంట్లో మందు డబ్బాలు ఉంటే తీసేయమని ఇంటివాళ్లకు చెప్పాలి. మానసిక కష్టంలో ఉన్నవాళ్లు మాట్లాడుకునే టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది. మందు తాగితే వెంటనే 108. సాహిత్యం ఈ పనికి చాలదు.

జైలు గోడ, శోకం, మేడారం

మూడో వారానికి నలుడు. నాలుగో వారానికి కవి దాశరథి. 1925లో చిన్నగూడూరులో పుట్టిన ఈయన నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అన్న పాదాన్ని గోడల మీద, బ్యానర్ల మీద విడిగా చూసి చూసి, దాని ముందు పాదం మరిచిపోయాం: "తీగెలను తెంపి అగ్నిలో దింపినావు". రెండూ కలిపి చదివించండి. తీగలు తెగి మంటల్లో ఉన్నదాన్ని పట్టుకుని కోటి రతనాల వీణ అంటున్నాడు. విడిగా చదివితే గర్వం, కలిపి చదివితే గాయం మీద నిలబడ్డ గర్వం. వచనం కావాలంటే అదే జైలు అనుభవం ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి "జైలు లోపల" కథల్లో ఒకటి తీసుకోవచ్చు. కాళోజీ కవితల పుస్తకం "నా గొడవ" పేరు గురించి ఐదు నిమిషాలు చాలు: ఊరందరి గోసకు "నా" అని పేరు పెట్టుకున్నాడు.

ఐదో వారం కాగితం వద్దు. ఒగ్గుకథలో కథకుడు చెబుతుంటే పక్కవాళ్లు మాట అందుకుంటారు. ఆ పద్ధతిలోనే ఒకరు చెప్పాలి, ఒకరు ఊకొట్టాలి, మిగతావాళ్లు వినాలి. ఊకొట్టేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్లు తొందరపడి ముగించేస్తారు, చేసి చూస్తే తెలుస్తుంది. ఆడవాళ్లు చావు ఇళ్లలో పెట్టే శోకాల గురించీ ఈ రోజే మాట్లాడుకోవచ్చు. శోకం పోయినవాళ్లను పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తుంది, వాళ్లు చేసిన పనులు ఒక్కొక్కటే ఎత్తుతుంది, నన్నెందుకు విడిచిపోతివని నిలదీస్తుంది. లావొక్కింతయు పద్యంలో చేసిన లెక్కే ఇక్కడా ఉంటుంది. ఎవరినీ పాడి చూపించమని అడగొద్దు, ఫోన్‌లో రికార్డు చేయొద్దు.

చివరి వారానికి సమ్మక్క. మేడారంలో చెప్పుకునే కథలో కరువు ఉంది, కట్టలేని కప్పం ఉంది, కాకతీయ సైన్యం ఉంది. సమ్మక్క కొడుకు జంపన్న ఒక వాగులో పడిపోయాడు. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు పోయి కనిపించకుండా పోయింది, దొరికింది కుంకుమ భరిణె. ఇక్కడ పైనుంచి దిగివచ్చిన చెయ్యి లేదు, అక్షహృదయం లేదు. అయినా రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జనం బెల్లాన్ని బంగారమని పేరు పెట్టి మోసుకుపోతారు. గజేంద్రుడి ముగింపు, నలుడి ముగింపు, సమ్మక్క ముగింపు పక్కపక్కన పెట్టి, ఏది నిజం అనిపిస్తోందో అడగండి. ఒకే జవాబు రాబట్టాలని చూడొద్దు, ఎవరి మడుగును బట్టి వాళ్లు చెబుతారు.

ఆ రోజు కాగితాలు లెక్కబెట్టి ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. మిగిలినవి చించేయాలి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మడుగు పేరు రాసుకున్నవాళ్లు అది చూశాక మళ్లీ వరండా ఎక్కరు.