సంక్రాంతికి పాత డ్రమ్ కొంటున్నారా? ముందు లోపలికి చూడండి

మొన్న ఆదివారం భీమవరం నుంచి ఒక తమ్ముడు అమెరికా లడ్విగ్ కంపెనీ స్నేర్ డ్రమ్ (అడుగున సన్న తీగలుండే చిన్న డ్రమ్) పట్టుకొచ్చాడు. 1962 నాటిదని నమ్మి తొంభై వేలు పోశాడట. బ్యాడ్జ్, అంటే కంపెనీ పేరున్న రేకు, తళతళలాడుతోంది, దాని మీద నంబరు కూడా ఉంది. నాకు అక్కడే గుండె జారింది, ఎందుకంటే లడ్విగ్ వాళ్ళు ఆ బ్యాడ్జ్‌ల మీద నంబర్లు కొట్టడం మొదలుపెట్టిందే 1963 చివర్లో. స్కిన్ విప్పి టార్చ్ వేశాం. బ్యాడ్జ్‌ను షెల్‌కు (డ్రమ్ గుండ్రటి ఒంటికి) పట్టి ఉంచే చిన్న రింగు కొత్తగా మెరుస్తోంది, చుట్టూ కటింగ్ ప్లయర్ గీతలు. ఆనాటి లడ్విగ్ చెక్క షెల్‌కు లోపల పైనా కిందా మందపాటి చెక్క రింగులు ఉంటాయి, ఇందులో అవీ లేవు. ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను.

పండక్కి ఊరొచ్చినవాళ్ళు మూడు రోజుల్లో బేరం తేల్చుకుని రైలెక్కాలి, అమ్మేవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను: బ్యాడ్జ్ చూసి డబ్బు ఇవ్వకండి. నేను చూసినంతలో మునిగినవాళ్ళు ఎక్కువమంది మునిగింది ఇక్కడే. బ్యాడ్జ్‌లు విడిగా దొరుకుతాయి, కొత్తగా చేసినవీ, పాడైన డ్రమ్‌ల నుంచి ఊడదీసినవీ. అసలు బ్యాడ్జే అనుకున్నా, నంబర్లు వరస ప్రకారం బిగించలేదు కాబట్టి అది కాలాన్ని అటూఇటూగా చెబుతుందే తప్ప సంవత్సరాన్ని ఖాయం చేయదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం అమెరికా టీవీలో వాయించాక వాళ్ళ డ్రమ్మర్ రింగో స్టార్ ముందున్న డ్రమ్‌లే కావాలని జనం ఎగబడ్డారు, లడ్విగ్ షికాగో ఫ్యాక్టరీకి ఊపిరాడలేదు, ఆ హడావుడిలో నంబర్ల వరస ఎవరు చూస్తారు? 1960ల చెక్క షెల్ లోపల ఎర్ర సిరాతో తేదీ ముద్ర ఉండొచ్చు. లేనంత మాత్రాన దొంగది కాదు, ఉంటే మాత్రం బ్యాడ్జ్‌కూ దానికీ పొంతన కుదరాలి.

ఒక లగ్ (స్కిన్ బిగించే స్క్రూ దిగే, షెల్ మీది లోహపు ముక్క) విప్పించి చూడండి. పైన చుట్టిన ముత్యపు షీటు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. నా దగ్గరున్న తెల్ల డ్రమ్ బయట పల్చటి టీ రంగు, లగ్ కింద మీగడ తెలుపు. అంతటా ఒకే రంగు ఉంటే షీటు మార్చారేమోనని అనుమానించండి.

సుప్రాఫోనిక్ అంటే లడ్విగ్ వాళ్ళ లోహపు స్నేర్ మోడల్, ఎక్కువగా క్రోమ్ పూసిన అల్యూమినియం షెల్. షెల్‌కు అయస్కాంతం అంటుకుంటే అది సుప్రాఫోనిక్ కాదు. క్రోమ్ పొక్కులకు భయపడకండి, అసలువాటికే అవి వస్తాయి, అందులోనూ మన కాకినాడ, అంతర్వేది ఉప్పుగాలికి.

కథకు డబ్బు కట్టకండి. నరసాపురంలో ఒకాయన తన లడ్విగ్ కాటన్ దొర కాలం నాటిదన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, లడ్విగ్ కంపెనీ పుట్టింది 1909లో. 1920ల డ్రమ్ అని చెప్పి ప్లస్ స్క్రూలు చూపిస్తే అవి తర్వాత వేసినవి, ఎందుకు మార్చారో అడగండి. స్కిన్ కొత్తదైతే కంగారు వద్దు, అరిగేది అదే. షెల్‌కు రంధ్రాలు లెక్కపెట్టండి, పూడ్చినవి వేలితో తడమండి. రాత్రి లైట్ల కింద చూడకండి. ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపకండి. ఇంకొకరు వస్తున్నారంటే రానివ్వండి. స్కిన్ విప్పనివ్వకపోతే లేచి వచ్చేయండి. ఎంత పెద్దమనిషి చెప్పినా సరే, బ్యాడ్జ్ చూసి డబ్బు ఇవ్వకండి. టార్చ్, అయస్కాంతం, స్కిన్ విప్పే డ్రమ్ కీ మీవే తీసుకెళ్ళండి, "కీ ఎక్కడో పోయిందండి" అనే మాట ఇప్పటికే చాలా ఇళ్ళలో విన్నాను.