ఇన్‌స్టా అకౌంట్ పోయిన రోజు ఏది ముందు, ఏది తర్వాత

హనుమకొండలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను. నా ఆర్డర్లలో సగానికి పైగా ఇన్‌స్టాగ్రామ్ నుంచే వస్తాయి. వరలక్ష్మీ వ్రతానికి నాలుగు రోజులుంది, చేతిలో 11 జాకెట్లున్నాయి. ఆ రోజు పొద్దున్నే పాత కస్టమర్ ఒకామె అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చింది: "అక్కా, నా అకౌంట్ లాక్ అయింది. మీ ఫోన్‌కి ఒక లింక్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పంపరా?" పాపం అనుకుని పంపాను. అది నా పాస్‌వర్డ్ మార్చే లింక్. స్క్రీన్‌షాట్‌లో కనిపించే అక్షరాలను చూసి టైప్ చేస్తే చాలు, అకౌంట్ వాళ్ల చేతికి వెళ్తుంది. 20 నిమిషాల్లో నా ఫోన్‌లో లాగౌట్ అయిపోయింది. మధ్యాహ్నానికి నా ఫొటోతో స్టోరీ: "పది వేలు పెట్టాను, లక్ష వచ్చింది. మీకూ కావాలంటే మెసేజ్ చేయండి."

అందరూ ముందు అకౌంట్ వెనక్కి తెచ్చుకోవడానికి కూర్చుంటారు. నేనూ గంటన్నర అదే చేశాను. ఆ గంటన్నరలో కాజీపేట కస్టమర్ ఒకామె, నా మీద నమ్మకంతో, 5,000 రూపాయలు ఆ దొంగకు పంపేసింది. అందుకే చెబుతున్నాను, మొదట మనవాళ్లకు చెప్పండి. వాట్సాప్ స్టేటస్ పెట్టండి, ఇంట్లో ఎవరి అకౌంట్ ఉంటే అందులో స్టోరీ పెట్టించండి, డబ్బు పంపే అవకాశం ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. "నా ఇన్‌స్టా హ్యాక్ అయింది. అక్కడి నుంచి ఏం అడిగినా నేను కాదు. డబ్బు గానీ, కోడ్ గానీ, స్క్రీన్‌షాట్ గానీ పంపకండి" అంటే సరిపోతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఎవరి డబ్బయినా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయించండి. సొమ్ము దొంగ ఖాతా నుంచి ఇంకో చోటికి జారిపోకముందే ఫిర్యాదు అందితే బ్యాంకులో ఆపే వీలుంటుంది. యూపీఐ లావాదేవీ నంబరు, టైము, మొత్తం పక్కన పెట్టుకుని మాట్లాడాలి. డబ్బు పోకపోయినా సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు పడుతుంది. దొంగ పెట్టిన స్టోరీలు, పంపిన మెసేజ్‌లు మాయమైపోకముందే ఎవరి ఫోన్ నుంచైనా స్క్రీన్‌షాట్లు తీయించి ఉంచుకోండి.

తర్వాత మెయిల్. ఇన్‌స్టా కంటే ముందు ఇది భద్రంగా ఉండాలి, ఎందుకంటే వెనక్కి వచ్చే దారులన్నీ మెయిల్ గుండానే పోతాయి. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కూడా తెరిచి చూడాలి. ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చే మెయిళ్లు మీకు కనిపించకుండా నేరుగా ట్రాష్‌లోకి పోయేలా దొంగ రూల్ పెట్టి ఉండొచ్చు.

ఇప్పుడు అకౌంట్ సంగతి. మీ ఈమెయిల్ మార్చారంటూ సెక్యూరిటీ ఎట్ మెయిల్ డాట్ ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ నుంచి పాత మెయిల్‌కి కబురు వస్తుంది. స్పామ్‌లో కూడా వెతకండి. ఆ మార్పు రద్దు చేసే లింక్ అందులోనే ఉంటుంది. నాకు దాంతో సగం పనే అయింది. అకౌంట్‌లో నా మెయిల్ వెనక్కి వచ్చింది గానీ దొంగ అప్పటికే టూ ఫ్యాక్టర్ (ఇన్‌స్టాలో టూ స్టెప్ లాంటిదే) పెట్టేశాడు, లాగిన్ అవబోతే వాడి ఫోన్‌లోని కోడ్ అడుగుతోంది. అలాంటప్పుడు బ్రౌజర్‌లో ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ అని తెరిచి, అది అడిగినవి ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వెళ్లాలి. అకౌంట్‌లో మన ఫొటోలుంటే, తల అటూ ఇటూ తిప్పుతూ వీడియో సెల్ఫీ తీయమంటుంది. నా పేజీలో ఉన్నవన్నీ జాకెట్లే, నా ముఖం ఉన్న ఫొటోలు మూడే. ఆ మూడే ఆదుకున్నాయి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసిన వీడియో ఒప్పుకోలేదు, మర్నాడు కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీసింది ఒప్పుకుంది. మీ ఫొటోలే లేకపోతే అకౌంట్ తెరిచినప్పటి మెయిల్ లేదా నంబరు, ఏ రకం ఫోన్‌లో తెరిచారు అని అడుగుతుంది. ఇన్‌స్టా జవాబు పంపడానికి మీరు ఇచ్చే మెయిల్ మాత్రం దొంగకు తెలియనిదై ఉండాలి.

ఈ మధ్యలోనే "మీ అకౌంట్ నేను తెప్పిస్తాను, 2,000 ఇవ్వండి" అని కొత్తవాళ్ల మెసేజ్‌లు మొదలవుతాయి. నాకు ఒక్కరోజులో ముగ్గురు పంపారు. ఎవరికీ రూపాయి ఇవ్వకండి, కోడ్ అసలు చెప్పకండి.

అకౌంట్ తెరుచుకోగానే పని అయిపోయిందని ఫోన్ పక్కన పెట్టకండి. పాస్‌వర్డ్ మార్చి, ఇన్‌స్టా సెట్టింగ్స్‌లో ఉండే అకౌంట్స్ సెంటర్‌లో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూసి, మీది కాని ఫోన్లన్నీ తీసేయండి. కాంటాక్ట్ వివరాల్లో దొంగ నంబరు మిగిలి ఉంటుంది. వాడి ఇంకో అకౌంట్‌ను మీ అకౌంట్స్ సెంటర్‌కి కలిపి ఉంటే మళ్లీ దాని గుండా వస్తాడు. అదీ తీసేయాలి. టూ ఫ్యాక్టర్‌లో వాడి యాప్ తొలగించి మీ ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్లు చూపించే యాప్) పెట్టుకోండి. ఆ యాప్ అందుబాటులో లేనప్పుడు లాగిన్ అవడానికి పనికొచ్చే బ్యాకప్ కోడ్లు కొత్తవి తీసి కాగితం మీద రాసుకోండి. నావి బీరువాలో ఇంటి కాగితాలతో ఉన్నాయి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడా మార్చండి.

నాకు మెసేజ్ వచ్చింది ఎవరి అకౌంట్ నుంచో ఆమెకు సాయంత్రం ఫోన్ చేశాను. ఆమె అకౌంట్ ముందురోజే పోయిందట. ఎవరేమనుకుంటారోనని ఇంట్లో కూడా చెప్పలేదు. "మీకు చెప్పి ఉంటే మీదైనా మిగిలేది అక్కా" అని ఏడ్చింది. వ్రతం అయ్యాక మా ఇంటికి రమ్మన్నాను. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని ఆమె వీడియో తీశాం.