జ్వరాల లెక్క ఎక్సెల్‌లో వేయడం ఎలా

అంటువ్యాధి ఎటు పోతుందో మోడల్ వేద్దామనగానే అందరూ ముందు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటామంటారు. అక్కర్లేదు. ఖాళీ ఎక్సెల్ షీటు, ఒక సాయంత్రం ఉంటే చాలు. నా దగ్గర చేరిన జూనియర్లతో నేను మొదట చేయించేది 1978లో ఇంగ్లండ్‌లోని ఒక బోర్డింగ్ స్కూల్లో వచ్చిన ఫ్లూ లెక్క. 763 మంది మగపిల్లలు, రెండు వారాలు, ఏ రోజు ఎందరు మంచంలో ఉన్నారో ఆ అంకె. అంతే.

మూడు కాలమ్‌లు పెట్టండి: ఇంకా సోకనివాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్లు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేసిన దారే ఇది. మొదటి వరసలో 760, 3, 0. రోజుకు కొత్తగా సోకేది: 1.66 × సోకనివాళ్లు × సోకినవాళ్లు ÷ 763. ఒక్కో రోగి రోజుకు ఎందరికి అంటించగలడో చెప్పే ఆ 1.66నే బీటా అంటాం. కోలుకునేది: 0.45 × సోకినవాళ్లు. అంటే ఒక్కో పిల్లాడు సగటున 2.2 రోజులు అంటిస్తాడన్నమాట. ఒక కాలమ్‌లో తీసింది పక్క కాలమ్‌లో కలుపుతూ కిందికి లాగండి.

ఇక్కడే నేను బోర్లాపడ్డాను. వరసకో రోజు చొప్పున పెట్టాను. రోగుల సంఖ్య ఏడో రోజున 345 దాకా ఎక్కింది. స్కూల్లో మాత్రం అంతకంటే ముందే, 300 లోపే ఆగింది. బీటా తప్పనుకుని గంటసేపు దాన్నే కెలికాను. తీరా చూస్తే నా షీటులో పొద్దున సోకినవాడు ఇంకొకడికి అంటించడానికి మర్నాటిదాకా ఆగుతున్నాడు! వరసకు 0.1 రోజు పెట్టి, రెండు అంకెల్నీ 0.1తో గుణించాక 290 దగ్గర నిలిచింది.

గ్రాఫులో షీటు గీత స్కూల్ అంకెల చుక్కల మీద కూర్చుందని సంబరపడకండి. షీటును నెల దాకా లాగి, కోలుకున్నవాళ్లను చూడండి: దాదాపు 740. స్కూల్లో జబ్బుపడింది 512 మందే. మంచమెక్కిన పిల్లాడు మిగతావాళ్లతో కలిసి తిరగడు కదా. మన షీటేమో మంచంలో ఉన్నవాళ్లే అంటిస్తున్నారని నమ్ముతోంది. ఏ డేటా చేతికొచ్చినా నేనిప్పుడు ముందు అడిగేది, ఈ అంకె ఎవర్ని లెక్కపెట్టింది అని. సోకినవాళ్లనా, మంచంపట్టినవాళ్లనా, పరీక్షకు వచ్చినవాళ్లనా?

చివరగా, ఎవరికీ ఒక్క అంకె చెప్పకండి. బీటాను 1.4 నుంచి 1.9 దాకా మార్చి చూడండి, గరిష్ఠం సుమారు 245 నుంచి 330 దాకా ఊగుతుంది. రెండు చివర్లూ చెప్పండి. ఎన్ని మంచాలు సిద్ధం చేయాలని అడిగితే మాత్రం నేను పై అంకే ఇస్తాను. మంచాలు మిగిలాయని ఇంతవరకూ నన్నెవరూ తిట్టలేదు.