ఇంగ్లండ్ పొలాల్లో పాత నాణేల వేట: మెటల్ డిటెక్టింగ్ ఎలా మొదలుపెట్టాలి?

మెటల్ డిటెక్టర్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది లంకెబిందెలు, పాడుబడ్డ గుడి దగ్గర అర్ధరాత్రి గొయ్యి తవ్వుతూ దొరికిపోయిన గ్యాంగులు, పేపర్లో ఫోటో. ఇక్కడ చెప్పేది ఆ టైపు కాదు. ఇంగ్లండ్‌లో ఇది మామూలు వీకెండ్ హాబీ, పట్టపగలే రైతుకి చెప్పి మరీ చేస్తారు, దొరికినవాటిని మ్యూజియం వాళ్ళే ఫోటో తీసి రికార్డు చేసిపెడతారు. అందుకని ఇదంతా యూకేలో ఉంటున్న మనవాళ్ళకోసం, స్టూడెంట్లయినా ఐటీ వాళ్ళయినా ఎన్‌హెచ్ఎస్‌లో ఆస్పత్రి డ్యూటీలు చేసి అలిసిపోయినవాళ్ళయినా. ఇండియాలో ఉన్నవాళ్ళు చివరి పేరా మాత్రం తప్పకుండా చదవండి.

చాలామంది ముందు మెషిన్ కొనేసి తర్వాత ఎక్కడ తిప్పాలా అని వెతుక్కుంటారు, అది గ్యారేజీలో మూల పడుతుంది. ముందు స్థలం, తర్వాతే మెషిన్.

1. ఎక్కడ తిప్పకూడదో ముందు తెలుసుకోండి

ఇంగ్లండ్‌లో ప్రతి అంగుళం నేలకీ ఎవరో ఒక ఓనర్ ఉంటారు. ఓనర్ పర్మిషన్ లేకుండా డిటెక్టర్ ఆన్ చేయకూడదు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు ఉంది కదా అంటే అది నడవడానికి మాత్రమే. పార్కులైతే కౌన్సిల్‌ని అడగాలి, చాలా కౌన్సిళ్ళు వద్దంటాయి. పాత కట్టడాలు, ప్రకృతి స్థలాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ భూముల్లో కుదరదు. షెడ్యూల్డ్ మాన్యుమెంట్ అని ప్రభుత్వం గుర్తించిన చోట్ల, అంటే పాత కోటలు, రోమన్ విల్లాలు, మట్టిదిబ్బలు లాంటివి, 1979 చట్టం ప్రకారం స్పెషల్ అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం, ఏమీ తవ్వకపోయినా సరే. ఇవి ఎక్కడెక్కడున్నాయో మ్యాజిక్ అనే గవర్నమెంట్ ఆన్‌లైన్ మ్యాప్‌లో ఫ్రీగా కనిపిస్తాయి. లండన్‌లో థేమ్స్ ఒడ్డు చూసి మోజుపడకండి, అక్కడ బురదలో వెతకాలంటే పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి.

స్కాట్లాండ్‌లో రూల్స్ వేరు, అక్కడ దొరికిన పాత వస్తువు ఏదైనా సరే రిపోర్ట్ చేయాల్సిందే. నార్తర్న్ ఐర్లాండ్‌లో పాత వస్తువుల కోసం నేల తవ్వాలంటే లైసెన్స్ కావాలి. హాలిడేకి వెళ్తూ కార్ డిక్కీలో మెషిన్ పడేసుకుని పోకండి.

2. రైతుని అడగడం

ఈ హాబీలో నిజంగా కష్టమైన పని ఇదే, తవ్వడం కాదు. మనవాళ్ళకి ఇంకాస్త మొహమాటం, మన యాక్సెంట్‌తో ఎవరో ముసలి తెల్ల రైతు గేటు దగ్గరకి వెళ్ళి మీ పొలంలో తవ్వుకోవచ్చా అని ఎలా అడుగుతాం అని. అడగొచ్చు. ఈమెయిల్ కంటే నేరుగా వెళ్ళడం బెటర్, కోతల టైంలోనో గొర్రెలు ఈనే మార్చి ఏప్రిల్‌లోనో మాత్రం వెళ్ళొద్దు, వాళ్ళకి నిద్రే ఉండదు. క్లీన్‌గా కనబడండి, డిటెక్టర్ చేతిలో పట్టుకుని వెళ్ళకండి, మీ పేరు, ఎక్కడుంటారు, ఎన్ని గంటలకి వచ్చి ఎన్నింటికి పోతారు, గోతులు ఎలా పూడుస్తారు, దొరికినవి అన్నీ చూపిస్తాను అన్నది రెండు నిమిషాల్లో చెప్పండి. ఇన్సూరెన్స్ ఉందా అని అడుగుతారు. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్‌లో మెంబర్ అయితే కోటి పౌండ్ల వరకు పబ్లిక్ లయబిలిటీ కవర్, అంటే మీ వల్ల వేరేవాళ్ళకి నష్టం జరిగితే కట్టే ఇన్సూరెన్స్, వస్తుంది, ఆ కార్డు జేబులో ఉంటే సగం పని అయినట్టే.

ఒప్పుకున్నాక పేపర్ మీద రాసుకోండి. ఏ పొలాలు, దొరికిన దాంట్లో ఎవరికెంత, ఈ రెండూ అందులో ఉండాలి. మామూలుగా సగం సగం. పొలం కౌలుకి చేసే రైతు అయితే అసలు ఓనర్ కూడా ఒప్పుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

నలుగురైదుగురు వద్దన్నారని డీలా పడితే క్లబ్బులో చేరండి. వాళ్ళు ఆదివారాలు ఏదో ఒక ఫామ్ మాట్లాడి గ్రూప్‌గా వెళ్తారు, కొంత ఫీజు ఉంటుంది. మొదట్లో ఇదే మేలు, పక్కన పాతికేళ్ళ అనుభవం ఉన్న పెద్దాయన తిప్పుతుంటే చూసి నేర్చుకున్నంత ఏ యూట్యూబ్ వీడియో చూసినా రాదు.

3. ఇంట్లో కూర్చుని మ్యాప్ చూడండి

పొలం దొరికాక దాని పాత మ్యాపులు తీయండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు కూడా ఫ్రీగా ఉంటాయి, పాతదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇప్పుడు లేని కాలిబాట, కూలిపోయిన ఇల్లు, వాగు దాటే చోటు, సంత జరిగిన మైదానం, మనుషులు ఎక్కడ ఆగి కూర్చున్నారో, లావాదేవీలు ఎక్కడ చేశారో నాణేలు అక్కడే జారిపడతాయి. నేల ఎత్తుపల్లాలు చూపించే లైడార్ మ్యాప్ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అందులో పాత ఊళ్ళ గుర్తులు, మధ్యయుగం నాటి దుక్కి చాళ్ళు భలే కనిపిస్తాయి. నన్నడిగితే ఈ హాబీలో సగం మజా ఈ మ్యాపుల దగ్గరే ఉంది, వర్షం పడే శనివారానికి ఇంతకంటే ఏం కావాలి.

4. ఇప్పుడు మెషిన్

రెండు మూడు వందల పౌండ్లలో మంచి బిగినర్ మెషిన్ వస్తుంది. గారెట్, నోక్టా, మైన్‌ల్యాబ్, ఎక్స్‌పీ, ఇవీ ఎక్కువగా కనిపించే కంపెనీలు. సెకండ్ హ్యాండ్ కూడా ఓకే. వెయ్యి పౌండ్ల మోడల్ ఇప్పుడే వద్దు, దాని సెట్టింగులు అర్థమయ్యేలోపు మీకు విసుగొస్తుంది.

అది పనిచేసే తీరు సింపుల్. కింద ఉన్న గుండ్రటి కాయిల్ నేలలోకి మాగ్నెటిక్ ఫీల్డ్ పంపుతుంది, లోహం తగిలితే అందులో చిన్న కరెంటు పుట్టి తిరిగి ఇంకో ఫీల్డ్ వస్తుంది, ఆ వచ్చేదాంట్లో తేడాని కొలిచి మెషిన్ ఒక నంబర్, ఒక సౌండ్ ఇస్తుంది. ఇనుముకి బొంగురు సౌండ్, వెండి రాగికి సన్నగా పైస్థాయి సౌండ్. చిక్కు ఏంటంటే బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ క్యాన్ రింగు, చాక్లెట్ ఫాయిల్ మూడూ మధ్యలో ఒకే చోట పలుకుతాయి, చెత్త వద్దని ఆ రేంజ్ మొత్తం ఆఫ్ చేస్తే బంగారం కూడా ఆఫ్ అయిపోతుంది. కాబట్టి మొదటి ఏడాది మధ్య సిగ్నల్స్ కూడా తవ్వాల్సిందే, ఏడుస్తూ అయినా.

మెషిన్‌తో పాటు పిన్‌పాయింటర్ కొనండి, చేతిలో పట్టుకునే చిన్న కడ్డీ, మట్టిలో నాణెం సరిగ్గా ఎక్కడుందో చెబుతుంది. ఒక చిన్న గట్టి పార, హెడ్‌ఫోన్స్, రెండు సంచులు, ఒకటి దొరికినవాటికి ఒకటి చెత్తకి. పొలంలో తీసిన చెత్త మళ్ళీ పొలంలో వేయొద్దు, ఇంటికి తెచ్చి పడేయండి, రైతు ఇది కచ్చితంగా గమనిస్తాడు.

5. పొలంలో

మంచి టైం అంటే కోతలయ్యి కొయ్యకాళ్ళు మాత్రం మిగిలిన ఆగస్టు, సెప్టెంబర్, మళ్ళీ విత్తనం పడేలోపు. విత్తిన చేలో అడుగుపెట్టకండి. పశువులు మేసే పచ్చిక నేలల్లో చలికాలం కూడా తిప్పొచ్చు.

కాయిల్‌ని నేలకి తగిలీ తగలనట్టు పెట్టి నెమ్మదిగా ఊపండి, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడేలా. కొడవలి విసిరినట్టు చివర్లో పైకి లేపేస్తారు కొత్తవాళ్ళు, అక్కడే లోతు పోతుంది. చిన్న నాణెం అయితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు వరకే పట్టుకుంటుంది. సిగ్నల్ రాగానే తవ్వకండి, 90 డిగ్రీలు పక్కకి తిరిగి మళ్ళీ ఊపి చూడండి. రెండు వైపుల నుంచీ ఒకేలా పలికితే తవ్వొచ్చు, ఒకవైపు పలికి ఇంకోవైపు తెగిపోతే ఎక్కువసార్లు తుప్పు పట్టిన మేకు.

పచ్చికలో అయితే మూడు వైపులే కోసి నాలుగోవైపు వేళ్ళతో అతుక్కుని ఉండేలా గడ్డిపెళ్ళని మూతలా తెరవాలి, మట్టిని చిన్న టార్పాలిన్ ముక్క మీద వేసుకుని, అయిపోయాక అంతా లోపల పోసి మూత మూసి కాలితో నొక్కాలి. వారం తర్వాత రైతు వచ్చి చూస్తే ఎక్కడ తవ్వారో తెలియకూడదు. పొలంలో లోహం తునకలు విపరీతంగా పలుకుతుంటే, అక్కడ మున్సిపల్ చెత్తతో చేసిన ఎరువు వేశారని అర్థం, వేరే పొలానికి పోవడమే.

ఇంకోటి, రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబులు, గ్రెనేడ్లు ఇక్కడి నేలలో ఇంకా ఉన్నాయి. అలాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దు, చోటు గుర్తుపెట్టి దూరం వెళ్ళి 999కి ఫోన్ చేయండి.

6. ఏం దొరుకుతుంది

నిజం చెప్పాలంటే గుండీలు, సీసం ముక్కలు, తుపాకీ గుండ్లు, బెల్టు బకిల్స్, జార్జి రాజుల కాలం నాటి అరిగిపోయిన పెన్నీలు. అప్పుడప్పుడు వెండి. రాజు బొమ్మ ఉన్న షిల్లింగు, సిక్స్‌పెన్స్ దొరికితే సంవత్సరం చూడండి: 1920కి ముందువి 92.5 శాతం వెండి, 1920 నుంచి 1946 వరకు సగమే, 1947 నుంచి అసలు లేదు. 1662కి ముందువాటిలో చాలావరకు చేత్తో సుత్తి దెబ్బ కొట్టి చేసినవి, పల్చగా వంకరటింకరగా ఉంటాయి, మొదటిది దొరికినరోజు ఇంగ్లండ్‌లో ఏ డిటెక్టరిస్టూ మర్చిపోడు.

మనకి సంబంధించిన ముచ్చట ఒకటుంది. 1809లో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ కెంట్ తీరం దగ్గర గుడ్విన్ శాండ్స్‌లో మునిగిపోయింది, అందులో మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్ళాల్సిన రాగి నాణేలు కుప్పలుగా ఉన్నాయి. అప్పట్లో కోస్తా, రాయలసీమ చాలావరకు ఆ ప్రెసిడెన్సీయే, అంటే మన ముత్తాతల చేతుల్లోకి రావాల్సిన చిల్లర ఇక్కడి సముద్రంలో పోయింది. 1980ల్లో పైకి తీసినవి ఇప్పుడు డీలర్ల దగ్గర తక్కువ రేటుకే దొరుకుతాయి. ఆ చోటు రక్షిత ప్రాంతం, అక్కడ మన వేట కుదరదు.

7. చెప్పాల్సినవాళ్ళకి చెప్పండి

ఏది దొరికినా ముందు ఫోన్ యాప్‌లో గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద ఆ చోటుని చూపే నంబర్) నోట్ చేసుకోండి. ఎనిమిది అంకెలుంటే 10 మీటర్ల లోపు చోటు తెలుస్తుంది, పది అంకెలుంటే 1 మీటర్. చోటు తెలియని నాణెం వస్తువు మాత్రమే, చరిత్రకి పనికిరాదు. ప్రతి ప్రాంతానికీ ఫైండ్స్ లైజాన్ ఆఫీసర్ అని ఉంటారు, బ్రిటిష్ మ్యూజియం నడిపే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ వాళ్ళు. తీసుకెళ్ళి చూపిస్తే గుర్తుపట్టి, రికార్డు చేసి, మామూలువి తిరిగి ఇచ్చేస్తారు, ఫీజు లేదు.

ట్రెజర్ అయితే లెక్క వేరు. 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం 300 ఏళ్ళు దాటి, కనీసం 10 శాతం బంగారమో వెండో ఉన్న వస్తువు ట్రెజర్. నాణేలైతే అలాంటివి రెండో అంతకంటే ఎక్కువో ఒకేచోట దొరకాలి, ఒంటరి నాణెం మామూలుగా ట్రెజర్ కిందకి రాదు. 2023 నుంచి 200 ఏళ్ళు దాటిన చాలా ముఖ్యమైన వస్తువులు కూడా, లోహం ఏదైనా, ఇందులోకి వస్తాయి. అనుమానం వచ్చిన 14 రోజుల్లో కరోనర్‌కి, అంటే అది ట్రెజరా కాదా తేల్చే స్థానిక అధికారికి, తెలియాలి, ఆఫీసర్‌కి చెబితే మిగతాది వాళ్ళు చూసుకుంటారు. మ్యూజియం తీసుకుంటే మార్కెట్ రేటు కట్టి మీకూ ఓనర్‌కీ పంచుతారు. టైం పడుతుంది, ఏడాది దాటొచ్చు.

కుండ నిండా నాణేలు తగిలితే ఆపేయండి. 2010లో సోమర్సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయన అదే చేశాడు, కుండ అని తెలియగానే గొయ్యి పూడ్చి ఆర్కియాలజీ వాళ్ళని పిలిచాడు. వాళ్ళు పొరలుపొరలుగా తీశారు, మొత్తం 52,503 రోమన్ నాణేలు. అందులో అన్నిటికంటే కొత్త నాణేలు ఎక్కువగా కుండ కిందిభాగంలో ఉన్నాయి, అంటే ఎవరో ఏళ్ళ తరబడి దాచుకుంటూ పోయింది కాదు, అంతా ఒకేసారి పోశారు అని తేలింది. ఆయనే ఆత్రంగా చేతులతో తోడేసుంటే ఆ విషయం ఎప్పటికీ తెలిసేది కాదు. దానికి 3,20,250 పౌండ్లు కట్టారు. దీనికి రివర్స్ కథ 2015లో లెమ్‌స్టర్ దగ్గర జరిగింది, వైకింగ్ కాలం నాటి నిధి దొరికితే ఇద్దరు చెప్పకుండా అమ్ముకున్నారు, 2019లో ఒకరికి పదేళ్ళు, ఇంకొకరికి ఎనిమిదిన్నరేళ్ళు జైలు శిక్ష పడింది, అప్పీల్‌లో తర్వాత కొంత తగ్గినా.

8. తోమకండి

మన ఇళ్ళలో రాగిచెంబుకి చింతపండు పెట్టి తళతళలాడేలా తోమే అలవాటు ఉంది కదా, ఇక్కడ మాత్రం దయచేసి వద్దు. రాగి మీది ఆ ఆకుపచ్చ పొరే అక్షరాలని కాపాడుతుంది, అది పోతే బొమ్మ కూడా పోతుంది. పొలంలో బొటనవేలితో రుద్దడం కూడా తప్పే, మట్టిలో ఇసుక గీతలు పెడుతుంది. వెండిని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి ఆరబెట్టండి చాలు. తెలియనిదైతే మట్టితోనే ఆఫీసర్ దగ్గరకి తీసుకెళ్ళండి.

ఇండియా సంగతి

అమ్మావాళ్ళకి చూపిద్దామని సూట్‌కేసులో వేసుకుని బయల్దేరకండి, యూకే మట్టిలోంచి తీసిన పురావస్తువు దేశం దాటించాలంటే ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాల్సి వస్తుంది, ముందు ఆ ఆఫీసర్‌నే అడగండి. ఇండియాలో ఇదే హాబీ మన సొంత పొలంలో చేద్దాం అనుకుంటే అది ఇంకా చిక్కు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది, నేలలో దాగినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాలి, సొంత పొలమైనా సరే. వందేళ్ళు దాటిన నాణేలు, విగ్రహాలకి 1972 యాంటిక్విటీస్ చట్టం ఉంది. రక్షిత కట్టడాల చుట్టూ మొదటి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు రెగ్యులేటెడ్ ఏరియా. డిటెక్టర్ అక్కడికి పట్టుకెళ్ళకండి. పునాదులు తీస్తుంటే ఏదైనా బయటపడితే తహసీల్దారుకో కలెక్టర్ ఆఫీసుకో చెప్పి రాయించుకోండి.