సికిల్ సెల్ ఉన్నవారికి హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోతే

సమస్య: సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న బిడ్డకు ఎప్పుడూ 7–8 మధ్య ఉండే హిమోగ్లోబిన్, జ్వరం తగిలిన వారంలోపే 4కి దిగింది. బిడ్డ తెల్లగా పాలిపోయి నాలుగడుగులకే ఆయాసపడుతోంది. కళ్ల పచ్చదనం మాత్రం పెరగలేదు. ప్లీహం ఉబ్బలేదు.

ముందు రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా తయారైన ఎర్రకణాల లెక్క, క్లుప్తంగా రెటిక్) చేయించండి. మామూలు సీబీపీ రక్తపరీక్షలో ఇది సాధారణంగా రాదు, చీటీ మీద విడిగా రాయించుకోవాలి. సికిల్ సెల్ వారిలో మామూలుగా ఎక్కువగా ఉండే ఈ కౌంట్ 1 శాతం కంటే తగ్గిందంటే ఎముక మూలుగలో ఎర్రకణాల తయారీ ఆగిపోయినట్టే.

కారణం: చాలాసార్లు పార్వోవైరస్ బి19. ఎర్రకణాలుగా ఎదగాల్సిన కణాల్లోకే దూరి వాటిని చంపుతుంది. వారం, పది రోజులు కొత్త కణాలు రావు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ లోటు తెలియను కూడా తెలియదు. సికిల్ కణం 10–20 రోజులకే పోతుంది, అందుకే ఇంత వేగంగా పడిపోతుంది. ఒంటి మీద దద్దులు లేవని ఈ వైరస్ కాదనుకోవద్దు.

రెటిక్ ఎక్కువగా ఉంటే కథ వేరు. ప్లీహం పెద్దదై ఉంటే రక్తం అందులో నిలిచిపోతోంది, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కామెర్లు పెరిగితే కణాలు పగులుతున్నాయి. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా పరీక్ష తప్పనిసరి. రెటిక్‌తో పాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా బాగా తగ్గితే, సికిల్ సెల్‌కు వాడే హైడ్రాక్సీయూరియా మందు మోతాదును అనుమానించాలి.

ఏం చేయాలి: ఈ వైరస్‌ను పట్టే పార్వో ఐజీఎం, పీసీఆర్ పరీక్షలకు రక్తం పంపండి, రిపోర్టు కోసం మాత్రం ఆగొద్దు. ఆయాసం ఉంటే ప్యాక్డ్ సెల్స్ (రక్తం నుంచి వేరుచేసిన ఎర్రకణాలు) ఎక్కించాలి. హిమోగ్లోబిన్ 5 లోపుంటే కిలోకు 4–5 మి.లీ. చొప్పున నెమ్మదిగా, విడతలుగా. తొందరపడితే గుండె తట్టుకోలేదు. హిమోగ్లోబిన్ 10 దాటించొద్దు, రక్తం చిక్కబడి నొప్పులు మొదలవుతాయి. రెటిక్ కోలుకునేదాకా హైడ్రాక్సీయూరియా ఆపుతారు. ఐరన్ మాత్రలు ఇక్కడ దండగ.

రెండు వారాలకూ రెటిక్ లేవకపోతే రోగనిరోధక శక్తి లోపం, హెచ్ఐవీతో సహా, ఉందేమో చూడాలి. అలాంటివారికి ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) ఇస్తారు.

అదే ఇంట్లో సికిల్ సెల్ ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా వెంటనే కౌంట్ చూడండి. గర్భిణిని ఆ మంచం దగ్గరికి రానివ్వొద్దు, కడుపులో బిడ్డకు ప్రమాదం. ఈ వైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతోనే చేతులు కడుక్కోవాలి.