పక్కింటి గొడ్లు పెరట్లో పడుతుంటే: మన జిల్లాల్లో కొత్తగా అద్దెకు దిగినవారికి

శ్రీకాకుళం జిల్లాలో పైడిభీమవరం పరిశ్రమల్లోనో ఎచ్చెర్ల యూనివర్సిటీలోనో ఉద్యోగం వచ్చి, దగ్గర్లోని ఊళ్లో పెరడున్న ఇల్లు అద్దెకు తీసుకున్నారా? ఏదో ఒక పొద్దున లేచేసరికి ఆనప పాదు మొదలు దాకా మేసేసి ఉంటుంది. వెంటనే పక్కింటికి వెళ్లకండి. ముందు పెరడంతా తిరిగి, వచ్చిందేమిటో, ఎటునుంచి దూరిందో చూడండి. ఆకుతో పాటు కొమ్మ బెరడు కూడా ఒలిచేసి ఉంటే మేక. పాదంతా లాగి తొక్కేస్తే ఆవో గేదో. మట్టి చెదిరి మొలకలు పైకి తేలితే కోళ్లు. దడి కర్రకు అంటుకున్న వెంట్రుకలు, అక్కడే నున్నగా అరిగిన నేల కంత ఎక్కడుందో చెప్పేస్తాయి.

వరి కోసాక పొలాల్లో పెసర, మినుము ఉన్నన్నాళ్లూ గొడ్లను కట్టి మేపుతారు. ఆ పంటా ఇంటికొచ్చాక వదిలేస్తారు. ఎండల్లో బయట గడ్డి ఉండదు, పచ్చగా కనిపించేది మీ పెరడే. అందుకే దడి పని సంక్రాంతి వెళ్లగానే పెట్టుకోవాలి.

ఆరడుగుల సరుగుడు కర్రలు తెచ్చి, పాతే కొసకు తారు పూసి, ఆరడుగులకొకటి పాతండి. గట్టి నేలలో అడుగున్నర లోతు చాలు, సముద్రం దగ్గరి ఇసుక నేలలో రెండడుగులు పోవాలి, లేదంటే గేదె ఒళ్లు రుద్దుకుంటే ఒరిగిపోతాయి. కర్రలకు కట్టే వల కన్నాలు రెండంగుళాలకు మించకూడదు. కన్నం పెద్దదైతే మేక తల దూరుతుంది, కొమ్ములు అడ్డుపడి వెనక్కి రాదు. వల అడుగు అంచు అర అడుగు మట్టిలో కప్పేయండి. మేక వెనక్కాళ్ల మీద నిలబడి మేస్తుంది కనుక పాదులు దడికి మూడడుగులు లోపలికి పెట్టండి. గేటు లోపలికి తెరుచుకునేదైతే ఆవు తలతో నెట్టి వచ్చేస్తుంది, గడియ కింద ఇంకో గొలుసు వేయాలి. దడికి ఇంటి కరెంటు ఎప్పుడూ ఇవ్వొద్దు, మనుషులే చచ్చిపోతారు.

చాలామంది చేసే పొరపాటు కుడితి బకెట్ వాకిట్లో వదిలేయడం. రుచి మరిగిన గొడ్డు రోజూ ఆ వేళకే వస్తుంది. మిగిలిన అన్నం ఒకేసారి ఎక్కువ తింటే కడుపులో పులిసి పొట్ట ఉబ్బుతుంది, ప్రాణమే పోవచ్చు. అప్పుడు ఊరంతా మిమ్మల్నే అడుగుతుంది. యూరియా సంచి, గన్నేరు కొమ్మలు కూడా అందకుండా ఉంచండి.

చాలా ఇళ్లలో గొడ్లను చూసుకునేది పెద్దావిడే, మాట ఆవిడతోనే. "పిన్నీ, మీ పెయ్య మళ్లీ మా పెరట్లో పడింది, ఓపాలొచ్చి తోలుకెళ్లవా?" అంటే చాలు. కట్టు తెంచుకునే గొడ్డైతే మెడకు గుదికర్ర వేయమని అడగండి, ఆ కర్ర మోకాళ్లకు తగులుతుంటే దడి దూకలేదు. ఇల్లు అద్దెకిచ్చినాయనకూ అదే రోజు చెప్పండి. గోడ, గేటు బాగుచేసే ఖర్చు ఎవరిదో అద్దె కాగితంలో ముందే రాయించుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది.

మాట వినకపోతే 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఉంది. పంట పాడుచేస్తున్న పశువును పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి (పట్టుకున్న పశువులను ఉంచే దొడ్డికి) తోలే హక్కు ఆ నేలను అనుభవిస్తున్నవారిది, అంటే అద్దెకున్న మీకూ ఉంది. మేకలు, గొర్రెలు, పందులు అందులోకి వస్తాయి, కోళ్లు, కుక్కలు రావు. బందెలదొడ్డి వాడుకలో ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని ముందే అడగండి. మీ ఇంట్లో మాత్రం కట్టేసి ఉంచొద్దు. పాలిచ్చే గొడ్డుకు పూట తప్పితే పొదుగు గట్టిపడి వాపు వస్తుంది, తప్పు మీ మీదికి తిరుగుతుంది. విషం పెట్టినా, కాలు విరగ్గొట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. పశువుకు దెబ్బ తగిలి కనిపిస్తే 1962కు ఫోన్ చేయండి, పశువైద్య అంబులెన్స్ వస్తుంది.

మీ డబ్బుతో వేసిన వల, కర్రలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లవచ్చు. అయితే తాళాలు అప్పగించకముందే తీయాలి, గోతులు పూడ్చి నేల మునుపటిలా చేసి ఇవ్వాలి.