పాత ల్యాప్‌టాప్‌కు కొత్త ప్రాసెసరా? ముందు వాట్లు చూడండి

యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌కు ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ వేయిద్దామనుకునే పిల్లలు చాలామంది. ఇంటెల్ ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ చిప్‌లు దాదాపు అన్నీ బోర్డుకే అతికించి వస్తాయి, వాటి జోలికి పోకండి. చిప్‌ను తీసి పెట్టుకునే సాకెట్ ఉన్న మూడో తరం మెషినైతే మార్చుకోవచ్చు. బయోస్ (మెషిన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) ఆ చిప్‌ను గుర్తుపడుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

అసలు చూడాల్సింది వేడి. ఐ5-3320ఎం 35 వాట్ల చిప్, అంటే ఫ్యాన్ బయటికి పంపాల్సిన వేడి సుమారు అంత. దాని స్థానంలో ఐ7-3740క్యూఎం పెడితే 45 వాట్లు. ఫ్యాన్, వేడిని మోసే రాగి గొట్టం మాత్రం పాతవే! తిరుపతి మే నెల ఎండలో ఆ పది వాట్లు ఊరికే పోవు. నన్నడిగితే ఐ7-3612క్యూఎం మేలు: నాలుగు కోర్లు, అదే 35 వాట్లు.

చిప్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ గుర్తుకు సరిపెట్టి, ఏమాత్రం నొక్కకుండా వదిలితే దానంతటదే కూర్చుంటుంది. తర్వాత పక్కనున్న స్క్రూ తిప్పి బిగించాలి. చిప్ వేడిని రాగి గొట్టం వైపు చేరవేసే పేస్ట్ పాతది ఎండిపోయి ఉంటుంది, దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెట్టండి. ఫ్యాన్‌కు, రేకులకు మధ్య దుమ్ము చాపలా పేరుకుని ఉంటుంది, అదీ తీసేయండి. షాపులో చేయిస్తే దగ్గరుండి చూసుకోండి.

ఇంకా వేడెక్కుతుంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతానికి తగ్గించండి. టర్బో (అవసరమైనప్పుడు చిప్ తన వేగం పెంచుకోవడం) ఆగుతుంది, వేడి బాగా దిగుతుంది. రోజువారీ పనిలో తేడా పెద్దగా తెలియదు.